"నన్ను గుర్తుపట్టావా?": పాత క్లాస్‌మేట్ ఎదురైనప్పుడు

(ఒక సాయంకాలం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, వాటికిచ్చిన జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకి వినిపిస్తోందా? సరే.

ఈ రోజు నేను దేని గురించి మాట్లాడబోతున్నానో చెబితే ఒక మిత్రుడు నవ్వాడు. "సొంతూళ్ళో హైస్కూల్ క్లాస్‌మేట్ ఎదురుపడితే అందులో చెప్పడానికేముంది? హలో అంటాం, ఎలా ఉన్నావంటాం, వెళ్ళిపోతాం" అన్నాడు. నా ఫిర్యాదు కూడా సరిగ్గా అదే. హలో అంటాం, ఎలా ఉన్నావంటాం, వెళ్ళిపోతాం. ఆ మనిషి దగ్గర మనకి సంబంధించినది ఒకటుంటుంది. ఇంకెవరి దగ్గరా దొరకనిది. దాన్ని అడక్కుండానే వచ్చేస్తాం. అదేమిటో మెల్లగా చెబుతాను. ముందు ఆ రెండు నిమిషాల్లో అసలేం జరుగుతుందో చూద్దాం.

ఎవరికో ఒంట్లో బాగాలేదనో, ఏదో సంతకం పెట్టాల్సి ఉందనో ఊరెళ్తాం. రోడ్డు మీద నడుస్తుంటే ఎదురుగా ఒకాయన. జుట్టు పల్చబడింది, కాస్త పొట్ట, కళ్ళజోడు. ఆ నడక మాత్రం ఎక్కడో చూసినట్టుంది. ఆయనా మన వైపు చూస్తాడు. చూపులు కలుస్తాయి, ఇద్దరం తల పక్కకి తిప్పుకుంటాం. మళ్ళీ చూస్తాం. అక్కడే దొరికిపోతాం. ముక్కూమొహం తెలియని మనిషిని ఎవరూ రెండోసారి అలా చూడరు కదా.

అప్పుడొస్తుంది ఆ ప్రశ్న. "నన్ను గుర్తుపట్టావా?"

దీనికి "ఆఁ, ఎందుకు గుర్తుపట్టను!" అని ఒక్కసారైనా అబద్ధమాడని వాళ్ళు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) ఒక్క చెయ్యీ లేవలేదు. బాగుంది.

ఆ అబద్ధం ఆడేశాక అసలు టెన్షన్ మొదలవుతుంది. మొహం తెలుసు, ఏ బెంచీలో కూర్చునేవాడో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. ఇక గాలం వేయడం మొదలెడతాం. "మనవాళ్ళెవరైనా కలుస్తున్నారా?" అంటాం, వాడు చెప్పే పేర్లలోంచి ఏదైనా దారి దొరుకుతుందేమోనని. అదీ కుదరకపోతే ఫోన్ తీసి వాడి చేతిలో పెట్టి "నీ నంబర్ నువ్వే కొట్టెయ్" అంటాం. తెలివైన ఎత్తే. వాడు పది అంకెలూ కొట్టి, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసి, ఫోన్ తిరిగిచ్చేస్తాడు. ఇంటికెళ్ళాక దాన్ని "టెన్త్ క్లాస్" అని సేవ్ చేసుకుంటాం. నా ఫోన్లో అలాంటి నంబర్లు ఇంకా ఉన్నాయి.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మనిషి బుర్ర పనిచేసే తీరే అంత. హ్యారీ బారిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక పెద్ద పరిశీలన ప్రచురించాడు. హైస్కూల్ చదువు పూర్తిచేసిన 392 మందిని తీసుకున్నారు. అందులో స్కూల్ వదిలి కొన్ని నెలలే అయినవాళ్ళున్నారు, దాదాపు 48 ఏళ్ళయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ స్కూల్ వార్షిక సంచికల్లోంచి ఫొటోలు, పేర్లు తీసుకుని రకరకాలుగా పరీక్షించారు. అపరిచితుల ఫొటోల మధ్య క్లాస్‌మేట్ ఫొటో కలిపి, మీవాడెవరో చూపించమంటే, స్కూల్ వదిలి 15 ఏళ్ళయిన వాళ్ళు కూడా నూటికి 90 వంతులు సరిగ్గా చూపించారు. 48 ఏళ్ళ తర్వాత కూడా ఆ లెక్క 70 శాతం దగ్గరుంది. ఏ ఆధారమూ ఇవ్వకుండా క్లాస్‌మేట్ల పేర్లు చెప్పమంటే మాత్రం ఆట మారిపోయింది. అన్నేళ్ళ తర్వాత సుమారు 30 శాతానికి పడిపోయింది.

అంటే మొహం నిలుస్తుంది, పేరు జారిపోతుంది. అందరికీ అంతే. వాడికీ అంతే అన్న సంగతి మర్చిపోకండి. మీరు వాడి పేరు కోసం తడుముకుంటున్న ఆ క్షణంలో వాడు మీ పేరు కోసం తడుముకుంటూ ఉండొచ్చు.

ఈ పరిశీలన గురించి ఒక మాట చెప్పాలి. అందులో చూపించినవి స్కూల్ రోజుల్లో తీసిన ఫొటోలు. వీధిలో మనకి ఎదురయ్యేది ఆ ఫొటో కాదు, దాని మీద పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో గడిచిపోయిన మనిషి. కాబట్టి రోడ్డు మీద మన మార్కులు అంతకన్నా తక్కువే ఉంటాయని నా అనుమానం. దానికి తోడు, మనం చూసే చోటు కూడా లెక్కలోకొస్తుంది. జార్జ్ మ్యాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో ఒక ఉదాహరణ ఇచ్చాడు, అది చాలా ప్రసిద్ధం. ఎప్పుడూ మాంసం కొట్లోనే చూసే వ్యాపారి ఒకరోజు బస్సులో కనిపిస్తే, ఈయన్ని ఎక్కడో చూశానే అని మాత్రం తెలుస్తుంది, ఎవరో తట్టదు. ఆ లెక్కన సొంతూళ్ళో కలవడం మన అదృష్టమే. ఆ వీధి, ఆ మలుపు, స్కూల్ గోడ కూడా కాస్త అందిస్తాయి. అదే మనిషి ఏ ఎయిర్‌పోర్ట్ లైన్లోనో గంటసేపు మన ముందే నిలబడినా మనకి తెలియకపోవచ్చు.

అందుకని నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎదుటివాడికి పరీక్ష పెట్టను. "గుర్తుపట్టావా?" అని అడగను. నేరుగా నా పేరు, సెక్షన్, ఏ సంవత్సరం బ్యాచో చెప్పేస్తాను. "నేను ఫలానా. బి సెక్షన్. కిటికీ పక్క బెంచీ." వాడి మొహంలో వచ్చే ఆ నిశ్చింత చూడాలి మీరు! వెంటనే వాడూ తన పేరు చెప్పేస్తాడు. ఇద్దరి పరువూ దక్కుతుంది.

తర్వాతి గండం పిలుపు. "ఏరా" అనాలా, "మీరు" అనాలా? స్కూల్లో ఒరేయ్ అనుకున్నవాళ్ళమే. ఇప్పుడు వాడి పక్కన భార్య ఉంది, చెయ్యి పట్టుకుని మనవరాలు ఉంది, లేదా వాడికింద పనిచేసే నలుగురున్నారు. అందరి ముందు "ఒరేయ్" అంటే ఏమనుకుంటాడో. "మీరు" అంటే ఇంకా ప్రమాదం, "వీడికి పొగరెక్కింది" అనుకుంటాడు. ఈ మధ్యలో మనవాళ్ళు ఒక విచిత్రమైన భాష మాట్లాడతారు. మనిషిని ఏమీ పిలవకుండా గడిపేయడం. "ఎప్పుడు రావడం?" "ఎక్కడ ఉండటం?" "పిల్లలేం చేయడం?" అన్నీ డంలే! (నవ్వులు) ఇలా రెండు నిమిషాలు నడుస్తుంది. ఎవరో ఒకరు ధైర్యం చేసి "ఒరేయ్, నువ్వేం మారలేదురా" అంటారు. అది కూడా అబద్ధమే, కానీ పనికొచ్చే అబద్ధం. అక్కడ్నించి గాలి ఆడుతుంది.

ఒక్కోసారి "ఏరా" అని మొదలుపెట్టేది క్లాసులో మనతో ఒక్క మాట కూడా మాట్లాడనివాడు. అప్పుడు మనిద్దరం స్నేహితులమే కాదు. ఒకే గదిలో కొన్నేళ్ళు కూర్చున్నాం, అంతే. అయినా ప్రాణస్నేహితుడిలా భుజం మీద చెయ్యేస్తాడు. నేను దీన్ని నటన అనుకోను. ఆ గది తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. వాడు చెయ్యేసింది ఆ గది తెలిసిన మనిషి భుజం మీద.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిలుపు గండం దాటాక ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు?

"ఏం చేస్తున్నావ్?"

"ఫలానా కంపెనీలో. నువ్వు?"

"సొంతంగా చిన్న బిజినెస్. పిల్లలు?"

"పెద్దవాడు ఉద్యోగం. చిన్నది ఇంజినీరింగ్. మీవాళ్ళు?"

"మావాడు విదేశాల్లో."

"ఓహో. ఇల్లు కట్టావా?"

చూశారా? చిన్నప్పుడు క్లాసులో ఇచ్చిన ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇప్పుడు రోడ్డు మీద ఇచ్చిపుచ్చుకుంటున్నాం. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం. సబ్జెక్టులు మారాయి, అంతే. "విదేశాల్లో" అన్న మాట దగ్గర మొదటివాడి గొంతు ఎలా తగ్గిందో, అది మనకెవరూ చెప్పక్కర్లేదు. లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో సామాజిక పోలిక సిద్ధాంతం అని ఒకటి చెప్పాడు. మనల్ని మనం కొలుచుకోవడానికి బయట కొలబద్ద దొరకనప్పుడు మనుషులతో పోల్చుకుంటాం, అదీ మనకి దగ్గరగా ఉన్నవాళ్ళతోనే పోల్చుకుంటాం అన్నాడు. కోటీశ్వరుణ్ణి చూస్తే మనకేమీ కాదు. పక్క బెంచీవాణ్ణి చూస్తే అవుతుంది. అదే వయసు, అదే మేష్టారు, అదే నల్లబల్ల. ఇద్దరం ఒకే గీత దగ్గర నిలబడి మొదలుపెట్టాం అనుకుంటాం. నిజానికి ఇద్దరూ ఒకే గీత దగ్గర లేరు. వాడి ఇంట్లో చదివించేవాళ్ళున్నారో లేదో, సాయంత్రం వాడు పనికెళ్ళేవాడో ఏమో మనకి అప్పుడు తెలియదు. పదిహేనేళ్ళ కుర్రాడికి పక్కవాడి ఇల్లు కనిపించదు, వాడి మార్కులే కనిపిస్తాయి.

ఈ లెక్కల భయంతోనే చాలామంది ఊళ్ళో తల వంచుకుని నడుస్తారు. ఉద్యోగం పోయినవాడు, సంసారం చెదిరినవాడు, అప్పుల్లో ఉన్నవాడు. క్లాస్‌మేట్ మీద వాళ్ళకేం కోపం లేదు. రిపోర్ట్ కార్డు చూపించలేకే దాక్కుంటున్నారు. బాగా సంపాదించినవాడి ఇబ్బంది ఇంకో రకం. చెబితే గొప్పలంటారు, చెప్పకపోతే దాస్తున్నాడంటారు. కాబట్టి ఈ తంతు వల్ల ఎవరికీ సుఖం లేదు. అయినా అందరం చేస్తాం, ఎందుకంటే వేరే ఏం మాట్లాడాలో తెలియదు.

వేరేది ఉంది. మన ఇప్పటి జీవితం వివరాలు కావాలంటే ఆయన ఎవర్నడిగినా చెబుతారు. ఆయన దగ్గర మాత్రమే ఉన్నది ఇంకొకటి. మనకి పన్నెండేళ్ళు, పదమూడేళ్ళు ఉన్నప్పుడు మనం బయటికి ఎలా కనిపించేవాళ్ళమో ఆయన చూశాడు. అమ్మానాన్నలు చూసింది ఇంట్లో ఉండే పిల్లాణ్ణి. మేష్టార్లు చూసింది మేష్టారి ఎదుట ఉండే పిల్లాణ్ణి. మేష్టారు బోర్డు వైపు తిరిగినప్పుడు మనం ఏం చేసేవాళ్ళమో తెలిసింది వాడికొక్కడికే.

నా సంగతే చెబుతాను. నేను చిన్నప్పట్నించీ గంభీరమైన మనిషినని నా నమ్మకం. మా ఇంట్లో వాళ్ళ నమ్మకమూ అదే. ఒకసారి ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక క్లాస్‌మేట్ కలిశాడు. పక్కన మా ఆవిడ కూడా ఉంది. మామూలు ప్రశ్నలయ్యాక, బస్సు ఎలాగూ రావట్లేదు కదా అని, "స్కూల్లో నేనెలా ఉండేవాణ్ణిరా?" అని అడిగాను. వాడు ఆలోచించను కూడా లేదు. "నువ్వా? ప్రేయర్లో నవ్వాపుకోలేక చచ్చేవాడివి. భుజాలు ఇలా ఊగిపోయేవి, ముక్కులోంచి శబ్దం వచ్చేది. పీఈటీ సార్ నిన్ను లైన్లోంచి లాగి పక్కన నిలబెట్టేవాడు. అక్కడ కూడా నవ్వేవాడివి" అని, చొక్కా కాలర్ నోట్లో కుక్కుకుని నేనెలా నవ్వు ఆపుకునేవాణ్ణో చేసి చూపించాడు, నడిరోడ్డు మీద. మా ఆవిడ నా వైపు చూసి, "మీరా?" అంది. (నవ్వులు)

నాకు అందులో ఒక్కటీ గుర్తు లేదు. వాడు నన్ను ఇంకెవరితోనో కలిపేసుకున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఇంకో క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి అడిగితే, "నిజమే. నవ్వించేది వాడే, దెబ్బలు పడేవి నీకు" అన్నాడు. ఆ ముక్క మొదటివాడు చెప్పలేదు చూశారా! అందుకే సాక్షులు ఇద్దరుండటం మంచిది.

మన గతం మనకి బాగా తెలుసనుకోవడం చాలావరకు భ్రమ. ఇందాక చెప్పిన బారిక్ గారే 1996లో ఇంకో పరిశీలన ప్రచురించారు. 99 మంది కాలేజీ విద్యార్థుల్ని వాళ్ళ హైస్కూల్ గ్రేడ్లు గుర్తుతెచ్చుకోమని, అసలు రికార్డులతో పోల్చి చూశారు. ఎ గ్రేడ్ వచ్చిన సబ్జెక్టుల్ని 89 శాతం సరిగ్గా చెప్పారు. డి గ్రేడ్ వచ్చినవి 29 శాతమే. తప్పు చెప్పినచోట ఎక్కువసార్లు తమకి వచ్చినదానికన్నా మంచి గ్రేడే చెప్పుకున్నారు. వాళ్ళు అబద్ధాలకోరులేం కాదు, జ్ఞాపకమే అలా సర్దేసింది. అదీ కొన్నేళ్ళ వ్యవధిలో. ఇక ముప్పై ఏళ్ళయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఊహించుకోనక్కర్లేదు, అదీ చూశారు. డేనియల్ ఆఫర్ అనే మానసిక వైద్యుడు, ఆయన బృందం 14 ఏళ్ళ అబ్బాయిల్ని కూర్చోబెట్టి ఇంటి సంగతులు, స్నేహాలు, చదువు, క్రమశిక్షణ గురించి ప్రశ్నలడిగి రాసిపెట్టుకున్నారు. వాళ్ళలో 67 మందిని 48 ఏళ్ళ వయసులో మళ్ళీ పట్టుకుని, "అప్పట్లో మీరు ఏం జవాబు చెప్పి ఉంటారు?" అని అడిగారు. 2000 సంవత్సరంలో ఫలితాలు వచ్చాయి. వాళ్ళ జ్ఞాపకం కళ్ళు మూసుకుని ఊహించి చెప్పినదానికన్నా మెరుగ్గా ఏమీ లేదు. నలభై ఎనిమిదేళ్ళాయన పద్నాలుగేళ్ళ తన గురించి ధీమాగా చెబుతున్నాడు, ఆ పద్నాలుగేళ్ళవాడు చెప్పింది వేరే.

అలాగని క్లాస్‌మేట్ చెప్పిందే వేదం అని నేననను. వాడి జ్ఞాపకానిదీ ఇదే జబ్బు. కానీ వాడు సర్దుకునేది తన కథని. మన కథని సర్దాల్సిన అవసరం వాడికి అంతగా లేదు. కాబట్టి మన గురించి వాడి మాటలో మనం దాచేసుకున్న ముక్కలు దొరికే అవకాశం ఎక్కువ. ఈసారి ఎవరైనా కలిస్తే, ఇల్లు కట్టావా అనే చోట ఈ ప్రశ్న వేసి చూడండి: "అప్పట్లో నేనెలా ఉండేవాణ్ణి?" వాడు వెంటనే ఏమీ చెప్పలేకపోతే, వాడి గురించి మీకు గుర్తున్నది ఏదైనా ఒకటి చెప్పండి. చిన్నదైనా పర్లేదు. వాడి సైకిల్ బెల్లు, వాడి చేతిరాత, వాడు డ్రాయింగ్ పుస్తకంలో వేసిన ఏనుగు. అది వింటూ మనిషి నిలబడే తీరే మారిపోతుంది. "నీకది గుర్తుందా?" అంటాడు. తన గురించి ఎవరికో అంత చిన్న విషయం గుర్తుందని ఆ మనిషి ఊహించి ఉండడు.

కష్టమైన విషయం ఒకటుంది, అది చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఈ పలకరింపుల్లో ఎక్కడో ఒకచోట మనం "ఫలానావాడు ఎలా ఉన్నాడు?" అని ఒక పేరు తీస్తాం. అవతలివాడు ఒక్క క్షణం ఆగి, "నీకు తెలీదా? వాడు పోయి చాలాకాలమైందిరా" అంటాడు.

అప్పుడేం చేయాలో ఎవరికీ తెలియదు. వాడు మన దగ్గరి స్నేహితుడేం కాదు. స్కూల్ అయ్యాక ఒక్కసారి కూడా కలవలేదు. వాడు పోయిన రోజున మనం ఎక్కడో ఏదో పనిలో ఉన్నాం, అందరూ ఏడ్చి ఊరుకున్నారు, వాడి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ఇప్పుడు ఈ రోడ్డు మీద మనకి మాత్రం అది ఈ రోజు వార్త. మన మనసులో పదిహేనేళ్ళ కుర్రాడు, ఇంకా యూనిఫాంలోనే ఉన్నవాడు, ఇప్పుడే పోయాడు. ఇంటికొచ్చి చెబితే "ఎవరు? ఎప్పుడూ పేరు కూడా చెప్పలేదే" అంటారు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1980ల చివర్లో ఇలాంటి దుఃఖం గురించి రాశాడు. చుట్టూ ఉన్న సమాజం గుర్తించని, బాహాటంగా ఏడవడానికి వీల్లేని దుఃఖం. ఆయన ప్రధానంగా చూసింది వేరే రకాల నష్టాలు. కానీ పాత క్లాస్‌మేట్ మరణం కూడా ఆ కోవలోదే అని నా అభిప్రాయం. ఆ బాధని పంచుకోగలిగినవాడు ఆ వార్త చెప్పినవాడొక్కడే. కాబట్టి "అయ్యో" అని తేల్చేసి వేరే మాటలోకి దూకకండి. ఇద్దరూ వాడి గురించి రెండు మాటలు చెప్పుకోండి. బస్సు పోతే పోనివ్వండి, ఇంకోటి వస్తుంది.

దీని వల్ల లాభమేమిటి అని అడిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం ఒక్క మాట. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్ళని "ఆ పరిచయస్తుణ్ణి ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. 1973లో అచ్చయిన ఆ వ్యాసం చాలా ప్రసిద్ధం. తరచుగా కలిసేవాళ్ళ ద్వారా దొరికింది నూటికి 17 మంది లోపే. మిగతావాళ్ళకి అప్పుడప్పుడూ, లేదా ఎప్పుడో గానీ కలవనివాళ్ళ ద్వారా దొరికింది. పాత కాలేజీ స్నేహితులూ, ఒకప్పటి సహోద్యోగులూ అనుకోకుండా ఎదురుపడి సాయపడ్డ సందర్భాలు అందులో ఉన్నాయి. దగ్గరివాళ్ళకి మనకి తెలిసిందే తెలుసు, దూరమైనవాడికి వేరే లోకం తెలుసు. లాభం ఉంది. కానీ లాభం కోసం పలకరిస్తే ఆ సంగతి రెండో నిమిషంలోనే మొహంలో తెలిసిపోతుంది. పాలసీ కట్టించడానికి పలకరించిన క్లాస్‌మేట్ మీ అందరికీ ఒకడైనా ఉండే ఉంటాడు. (నవ్వులు)

ఇక సెలవు తీసుకోవడం. ఆడమ్ మాస్ట్రోయానీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2021లో సంభాషణలు ఎలా ముగుస్తాయో చూశారు. ఇద్దరూ కోరుకున్న సమయానికే మాటలు ముగిసినవి నూటికి రెండు. ఒకరికి ఇంకాసేపు ఉండాలనుంటుంది, ఇంకొకరికి ఎప్పుడో వెళ్ళాలనుంటుంది, ఇద్దరూ బయటికి చెప్పరు. మనం కూడా అంతే. కదలబోతూ మళ్ళీ ఆగి, "సరే మరి", "సరే సరే", "కలుద్దాం", "తప్పకుండా", "గ్రూపులో యాడ్ చేస్తా". ఆ గ్రూపులో పొద్దున్నే ముప్పై గుడ్ మార్నింగ్‌లు వస్తాయి, మూడో రోజు మ్యూట్‌లో పెట్టేస్తాం.

గ్రూపు ఉండనివ్వండి, తప్పేం లేదు. కానీ కలిసిన రోజు సాయంత్రం ఆ ఒక్క మనిషికి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. మనం పెట్టం. 2024లో లారా ఆక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారు. పాత స్నేహితుణ్ణి పలకరించాలని ఉంది, వివరాలు దగ్గరున్నాయి, అవతలివాళ్ళకీ ఇష్టమేనని నమ్మకం ఉంది, మెసేజ్ రాసుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. అయినా పంపినవాళ్ళు మూడో వంతుకన్నా తక్కువే. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అనుకుంటారేమో" అనే మొహమాటం. ఇలా హఠాత్తుగా వచ్చిన పలకరింపు అందుకున్నవాళ్ళకి మనం ఊహించిన దానికన్నా ఎక్కువ సంతోషం ఇస్తుందని పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం 2022లో, 5,900 మందికి పైగా పాల్గొన్న ప్రయోగాల్లో చూపించింది. కాబట్టి పెట్టండి. "నిన్ను కలిసి సంతోషం" అని కాకుండా, మాట్లాడుకున్న దాంట్లోంచి ఒక ముక్క పట్టుకుని రాయండి. నేను మావాడికి "ఆ పీఈటీ సార్ పేరేమిట్రా?" అని పెట్టాను. పేరుతో పాటు ఇంకో నాలుగు సంగతులు రాసి పంపాడు, అవి ఈ సభలో చెప్పేవి కావు.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక యువకుడు): సార్, మా తరానికి ఈ సమస్య లేదు. అందరూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటారు, ఎవరేం చేస్తున్నారో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

జవాబు: మీ సమస్య ఇంకా కష్టం బాబూ. వాడు పోయిన నెల ఎక్కడికెళ్ళాడో నీకు తెలుసు, ఎదురైతే తెలియనట్టు "ఏంటి సంగతులు?" అనాలి. వాడూ నీ ఫొటోలన్నీ చూసి తెలియనట్టు నటిస్తాడు. ఒక మేలుంది, ప్రోగ్రెస్ రిపోర్ట్ ముందే ఇచ్చిపుచ్చుకున్నారు కాబట్టి ఆ భాగం దాటేయొచ్చు. నేరుగా స్కూల్ సంగతుల్లోకి వెళ్ళు. అవి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండవు.

ప్రశ్న (ఒక మహిళ): స్కూల్లో నన్ను బాగా ఏడిపించిన అమ్మాయి ఉండేది. ఇప్పుడు ఊళ్ళో కనిపిస్తే వచ్చి ఆప్యాయంగా చేతులు పట్టుకుంటుంది. ఆమెకేమీ గుర్తు లేనట్టుంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాగోదు. మీరు చెప్పినట్టు ఆమెతో కూర్చుని పాత సంగతులు మాట్లాడాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. నేను చెప్పినవేవీ మీకు ఆమె విషయంలో వర్తించవు. మీరు పడ్డ బాధ చిన్నదని ఎవరైనా అంటే నమ్మకండి. 1958లో పుట్టిన బ్రిటిష్ పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. ఏడేళ్ళు, పదకొండేళ్ళ వయసులో తోటిపిల్లలు ఏడిపించిన వాళ్ళకి 50 ఏళ్ళ వయసులో కూడా దాని ప్రభావం కనిపించిందని 2014లో ఆ పరిశోధకులు రాశారు. ఆమెకి గుర్తులేకపోవచ్చు, నిజంగానే. జ్ఞాపకం ఎలా సర్దేస్తుందో ఇందాక చూశాం. ఆమె మర్చిపోయింది కాబట్టి మీరూ మర్చిపోవాలని లేదు. "కాస్త పనుంది" అని చేతులు విడిపించుకుని వచ్చేయండి. చెప్పాలని ఎప్పుడైనా అనిపిస్తే, మొత్తం ఏకరువు పెట్టకుండా ఒక్క సంఘటన చెప్పండి, ఇలా జరిగింది, నాకు గుర్తుంది అని. ఆమె ఏమంటుందో అది ఆమె ఇష్టం, మీరు జవాబు కోసం ఎదురుచూడకండి. చెప్పాలనిపించకపోతే అదీ సరే.

ప్రశ్న (ఒక పెద్దాయన): మావాడొకడు నన్ను చూసి కూడా చూడనట్టు పక్క సందులోకి తిరిగిపోయాడు. ఒకే బెంచీ మాది. పలకరించాలా, వదిలేయాలా?

జవాబు: చూశాడని మీకు ఖాయంగా తెలుసా? మొహాలు గుర్తుపట్టడమే కష్టమయ్యేవాళ్ళు కొందరుంటారు, సొంత బంధువుల్ని కూడా గొంతు విని గానీ పోల్చుకోలేరు. వాళ్ళలో చాలామందికి తమకది ఉందని కూడా తెలియదు. అది కాకపోతే, ఆ రోజు ఏ ఆస్పత్రి రిపోర్టో జేబులో పెట్టుకుని వెళ్తున్నాడేమో, పిల్లలేం చేస్తున్నారని అడిగితే చెప్పలేని రోజేమో. ఆయనకింకో అవకాశం ఇవ్వండి. ఈసారి కనిపిస్తే దగ్గరికెళ్ళి, మీ పేరు మీరే చెప్పండి. ఏం చేస్తున్నావని మాత్రం అడగకండి. ఆ బెంచీ గురించి ఏదైనా అనండి. నిలబడితే మాట్లాడండి. నిలబడకపోతే ఆ తర్వాత వదిలేయండి, మీ వంతు అయిపోయింది.

హాలు వాళ్ళు టైమైందంటున్నారు. ఇంకా ఎవరికైనా అడగాలనుంటే బయట మెట్ల దగ్గర ఉంటాను. నమస్కారం.